కొండెక్కే ముందు కాలి బొటనవేలిని చూసుకోండి

జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కేవాళ్లకీ, మాల వేసుకుని చెప్పుల్లేకుండా తిరిగేవాళ్లకీ, అలిపిరి నుంచి 3,550 మెట్లూ నడిచే వస్తామని మొక్కుకున్నవాళ్లకీ, శనివారం వస్తే మాలకొండకు బయలుదేరేవాళ్లకీ అందరికీ కలిపే ఇది రాస్తున్నాను. నేను బాప్టిస్టు ఇంట్లో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి నా నోట వచ్చేవి ఎక్కువగా బైబిల్ సంగతులే, ఏమనుకోవద్దు. వేలు మాత్రం అందరికీ ఒకటే.

నాకు ఈ వేలి విలువ వాక్యం చదివి తెలియలేదు, దెబ్బ తిని తెలిసింది. రెండేళ్ల కిందట క్రిస్మస్ ముందు రోజు గోళ్లు తీసుకుంటూ కుడికాలి బొటనవేలి గోరు మూలల్ని బ్లేడుతో లోపలికంటా గీరేశాను, చూడటానికి శుభ్రంగా ఉందనుకున్నాను, దాని మీద కొత్త బూట్లు, అవి కూడా ముందు భాగం మొనదేలినవి, షాపులో కుర్రాడు వాడగా వాడగా వదులవుతాయి సార్ అంటే నమ్మి కొన్నవి. వారం తిరిగేసరికి వేలు ఎర్రగా ఉబ్బింది. ఒకటో తారీఖు చీకట్లో కొండెక్కుతుంటే సరిగ్గా అదే వేలికి ఎదురుదెబ్బ. గోరుచుట్టు మీద రోకటిపోటు అని చిన్నప్పుడు పరీక్షల్లో సొంత వాక్యం రాశాం కానీ, అర్థం ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత మూడు వారాలు వేలు నేలకి ఆనకుండా పాదం బయటి అంచు మీద నడిచాను, దాంతో వేలు తగ్గింది కానీ మోకాలు పట్టుకుంది, మోకాలి నుంచి నడుం.

ఆ మూడు వారాల్లో ఇంట్లో కూర్చుని లేవీయకాండం 8వ అధ్యాయం మళ్లీ చదివాను. ఎన్నోసార్లు విన్న భాగమే, ఎప్పుడూ ఆగలేదు. అహరోనునీ అతని కొడుకుల్నీ యాజకులుగా ప్రతిష్ఠించే రోజున మోషే పొట్టేలు రక్తాన్ని మూడు చోట్ల పెడతాడు: కుడి చెవి కొన, కుడిచేతి బొటనవేలు, కుడికాలి బొటనవేలు. చెవి సరే, వినాలి. చెయ్యి సరే, పని చెయ్యాలి. కాలి దగ్గరికొచ్చేసరికి మడమ ఉంది, మోకాలు ఉంది, అరికాలంతా ఉంది, అవన్నీ వదిలేసి వేలి మీదే పెట్టాడు. 14వ అధ్యాయంలో కుష్ఠు నయమైనవాణ్ణి మళ్లీ తమలో కలుపుకునేటప్పుడు కూడా ఇవే మూడు చోట్లు, రక్తం పెట్టిన చోటే మళ్లీ నూనె. నడవమని పంపేటప్పుడు పట్టుకోవాల్సిన చోటు ఏదో వాళ్లకి తెలుసు అనిపించింది నాకు.

దీనికి అటువైపు కథ న్యాయాధిపతులు మొదటి అధ్యాయంలో ఉంది. అదోనీబెజెకు అనే రాజుని పట్టుకుని కాళ్లూ చేతుల బొటనవేళ్లు కోసేస్తారు. అప్పుడు అతనే ఒప్పుకుంటాడు, నేను డెబ్బై మంది రాజులకి ఇలాగే కోయించాను, వాళ్లు నా బల్ల కింద ముక్కలు ఏరుకుని తిన్నారు, దేవుడు నాకు అదే తిరిగిచ్చాడు అని. చేతి బొటనవేలు లేకపోతే కత్తి నిలవదు, కాలి బొటనవేలు లేకపోతే పరుగు లేదు, కాలు కూడదీసుకుని నిలబడటమూ కష్టమే. రాజుని చంపే పని లేకుండా ఇంక యుద్ధానికి రాకుండా చెయ్యడం అన్నమాట. ఇంతకంటే ఘోరమైన తెలివి ఉంటుందా అనిపిస్తుంది.

మా వీధిలో మిగతావాళ్లని అడిగితే వాళ్ల దగ్గరా ఈ వేలు గురించి తక్కువేం లేదు. రాముడు దుందుభి అనే రాక్షసుడి అస్థిపంజరాన్ని పది యోజనాల దూరం చిమ్మింది కాలి బొటనవేలితోనే అని ఎదురింటి పంతులుగారు, త్రివిక్రముడి బొటనవేలి గోరు తగిలి బ్రహ్మాండం చిల్లు పడితేనే గంగ దిగిందని మళ్లీ ఆయనే. బట్టలు కుట్టే భాయ్ అయితే నమాజులో సజ్దా చేసేటప్పుడు నేలకి ఆనాల్సినవి ఏడని లెక్క చెప్పాడు: నుదురు, రెండు చేతులు, రెండు మోకాళ్లు, రెండు పాదాల వేళ్లు. వేళ్లు వెనక్కి మడిచి కిబ్లా వైపు, అంటే మక్కా వైపు చూసేలా పెట్టాలట. ఆ మడత దగ్గరికి మళ్లీ వస్తాను, అది చాలా పనికొచ్చే మడత. ఇంకోటి, మన దగ్గర మనిషి పోతే రెండు కాళ్ల బొటనవేళ్లని కలిపి కట్టేస్తారు కదా. కాళ్లు విడిపోకుండా అని కారణం చెబుతారు, నాకు మాత్రం నడక అయిపోయిందని ముడి వేసినట్టు కనిపిస్తుంది.

అసలు ఈ వేలు ఏం చేస్తుంది

ఇది తెలియకుండా చేస్తే కింద చెప్పే పనులన్నీ డ్రిల్లు మాస్టారు చేయించినట్టు ఉంటాయి కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

ప్రతి అడుగూ మడమతో మొదలై బొటనవేలితో అయిపోతుంది. ముందు మడమ ఆనుతుంది, తర్వాత బరువు పాదం బయటి అంచు మీదుగా ముందుకొచ్చి వేళ్ల మొదళ్ల దగ్గర అడ్డంగా లోపలికి తిరిగి, చివరికి బొటనవేలి మొదలు మీదికి, అక్కణ్ణుంచి వేలి మీదికి చేరుతుంది. ఆ చివరి నెట్టుడు లేకపోతే మనం ముందుకి పోవడం ఉండదు, కాళ్లు ఎత్తి వేస్తూ పోవడమే. మిగతా నాలుగు వేళ్లకీ మూడేసి ఎముకలుంటే దీనికి రెండే, కానీ లావుపాటివి. వేలి మొదట్లో అరికాలి వైపు బఠాణీ గింజల్లాంటి చిన్న ఎముకలు ఇంకో రెండు ఉంటాయి, మోకాలికి చిప్ప ఎలాగో దీనికి అవి అలాగ.

ఇక అసలు విచిత్రం. మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి కింద గట్టి పట్టీ లాంటి పొర ఉంటుంది. మడమ లేచి బొటనవేలు పైకి వంగగానే ఆ పొర వేలి మొదలు చుట్టూ, బావి గిలక మీద చేంతాడు చుట్టుకున్నట్టు చుట్టుకుని బిగుస్తుంది. దాంతో పాదం వంపు పైకి లేచి, అప్పటిదాకా నేలని బట్టి మెత్తగా ఒదిగిన పాదం ఒక్కసారిగా గట్టి కర్రలా మారుతుంది. ఆ కర్రతోనే నేలని వెనక్కి తోస్తాం. 1954లో హిక్స్ అనే ఆయన దీన్ని వివరంగా రాసి, లంగరు తాడు చుట్టే యంత్రం పేరు పెట్టాడు. మామూలు నడకకే వేలు 45 డిగ్రీల పైన, చాలామందికి 60 దాకా వంగాలి. వంగకపోతే శరీరం ఊరుకోదు, పాదాన్ని పక్కకి తిప్పుకుంటుంది, మోకాలు లాగుతుంది, నాకు జరిగిందదే.

ఐగుప్తులో లక్సర్ దగ్గర ఒక పూజారి కూతురి మమ్మీ దొరికింది, క్రీస్తుకు పూర్వం 950కీ 710కీ మధ్యది. కుడికాలి బొటనవేలు బతికుండగానే తీసేశారు, ఆ చోట చెక్కా తోలూ కలిపి చేసిన వేలు కట్టి ఉంది, అరిగిన గుర్తులతో సహా. ఇప్పుడది కైరోలో ఒక మ్యూజియంలో ఉంది. అలంకారానికి పెట్టారా నడవడానికి పెట్టారా అని మాంచెస్టర్ యూనివర్సిటీలో జాకీ ఫించ్ అనే ఆమె అలాంటి వేళ్లే చేయించి, కుడి బొటనవేలు లేని ఇద్దరికి తొడిగి నడిపించి చూసింది. బాగానే నడిచారు. మూడు వేల ఏళ్ల కిందటి మనిషి కూడా వేలు పోతే చెక్కది పెట్టించుకుని నడిచిందంటే, ఉన్నదాన్ని మనం పట్టించుకోకపోవడం ఏమిటి చెప్పండి.

ముందు కడిగి చూడండి

రాత్రి పడుకునే ముందు, ప్రార్థనకో పూజకో నమాజుకో కాళ్లు కడుక్కుంటారు కదా, ఆ రెండు నిమిషాలు చాలు. కడిగాక వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడవండి, ఇది చాలామంది చెయ్యరు, ఒరుసుకుపోయేది అక్కడే. తర్వాత లైటు కింద కూర్చుని వేలిని నాలుగు వైపులా చూడండి: గోరు పక్కన ఎరుపుందా, కింద ఆనెకాయ లేచిందా, వేలు రెండో వేలి వైపు ఒరిగిపోతూ మొదట్లో ఎముక బయటికి పొడుచుకొస్తోందా, చర్మం పగిలిందా. అడుగు భాగం కనపడకపోతే కింద అద్దం పెట్టుకోండి.

ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే వాళ్ల కాళ్లు మీరే చూడండి. యోహాను 13లో యేసు శిష్యుల కాళ్లు కడిగిన భాగం మన చర్చీల్లో ఏడాదికోసారి గుడ్ ఫ్రైడే వారంలో చదివి తువ్వాలు మడిచి లోపల పెట్టేస్తాం, దాన్ని ఇంట్లో రోజూ చెయ్యొచ్చు. నేను నాన్నకి చేస్తున్నాను. మొదటిరోజు సిగ్గుపడి కాలు వెనక్కి లాక్కున్నారు, ఏందిరా ఇది, నేనేమన్నా పెళ్లికొడుకునా కాళ్లు కడగడానికి అని.

అలా కడిగేటప్పుడే ఒక చిన్న పరీక్ష చెయ్యండి. వాళ్లని కళ్లు మూసుకోమని, మీ చూపుడువేలి కొనతో వాళ్ల బొటనవేలి కొసని ఒకటి రెండు సెకన్లు ఊరికే తాకండి, నొక్కొద్దు, గోకొద్దు. తాకినప్పుడల్లా కుడో ఎడమో చెప్పమనండి. రెండు కాళ్లకీ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు, మొత్తం ఆరు చోట్లు. ఆరింటిలో రెండు లేక అంతకంటే ఎక్కువ తెలియలేదంటే పాదాల్లో స్పర్శ తగ్గిందని, వెంటనే డాక్టర్‌కి చూపించాలి. నాన్నకి రెండు తెలియలేదు, రెండూ కుడివైపే, ఒకటి బొటనవేలు. అప్పటిదాకా తిమ్మిర్లు వస్తే వయసు అనుకున్నాం. స్పర్శ లేని కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు, చెప్పు కరిచినా తెలియదు, పుండు వాసన వచ్చేదాకా తెలియదు. అలాంటివాళ్లు మొక్కు ఏదైనా సరే చెప్పుల్లేకుండా నడవకూడదు. మన మే నెల ఎండల్లో తారు రోడ్డు మీద అసలే వద్దు, కాలినా వాళ్లకి తెలియదు. మాల వేసుకునేవాళ్లు గురుస్వామిని అడిగితే ఆరోగ్యం బాగాలేనివాళ్లకి చెప్పులు వేసుకోమనే చెబుతారు, నాకు తెలిసిన ఇద్దరికి అలాగే చెప్పారు.

గోరు తియ్యడం

నేను చేసిన తప్పు మీరు చెయ్యొద్దు. బొటనవేలి గోరు అడ్డంగా సమంగా తియ్యాలి, చేతిగోళ్లలా గుండ్రంగా కాదు. మూలలు లోపలికి తవ్వితే గోరు పెరిగేటప్పుడు పక్క కండలోకి దిగుతుంది. మరీ పొట్టిగా కూడా వద్దు, గోరు కొస వేలి కొసతో సమానంగా ఉంటే చాలు. కాళ్లు కడిగాక మెత్తబడ్డప్పుడు తీస్తే తేలిక. నడకకి ముందురోజు రాత్రి తీసుకోవద్దు, నాలుగైదు రోజుల ముందే తీసుకోండి, ఏదైనా తేడా వస్తే మానడానికి టైముంటుంది.

మూడు పరీక్షలు

నిలబడండి. ఇంకొకర్ని వంగి మీ బొటనవేలిని చేత్తో పైకి ఎత్తమనండి. పాదం లోపలి వంపు పైకి లేచిందా? లేస్తే ఇందాక చెప్పిన చేంతాడు పని చేస్తున్నట్టు. వేలు అసలు లేవకపోయినా, లేచేటప్పుడు మొదట్లో నొప్పి పుట్టినా కీలు బిగిసినట్టు.

రెండోది మా ఇంట్లో పిల్లలకి ఆట అయిపోయింది. కుర్చీలో కూర్చుని పాదం నేలకి ఆనించి బొటనవేలి కింద ఒక అట్టముక్క పెట్టుకోండి, మా ఇంట్లో అయితే చర్చిలో ఇచ్చే కానుక కవరు పెడతాం. వేలితో నొక్కిపట్టండి, వేళ్లు ముడుచుకోకుండా. ఎదుటివాళ్లు మెల్లిగా లాగాలి. జారిపోతే వేలు బలం తక్కువ. మా చిన్నోడు మా ఆవిడ కవరు లాగలేకపోయాడు, నాది మాత్రం మొదటి లాగుడుకే వచ్చేసింది, దేవుడికి ఇవ్వడంలో మీ నాన్నకి పట్టులేదు అని ఆవిడ నవ్వింది. పట్టు లేకపోతేనే కదా కానుక ఇచ్చేది, అని నేను.

మూడోది సముద్రం దగ్గర. కొత్తపట్నం వెళ్లినా మైపాడు వెళ్లినా నీళ్లు తగిలి గట్టిపడిన ఇసుక మీద చెప్పులు విడిచి ఇరవై అడుగులు మామూలుగా నడిచి వెనక్కి తిరిగి చూడండి. మడమ గుంట, దాని తర్వాత బయటి అంచు, చివర బొటనవేలూ దాని మొదలూ ఇసుకని వెనక్కి తోసిన లోతు గుర్తు కనిపించాలి. చిటికెనవేలి వైపే లోతుంటే మీరు వేలిని తప్పించి నడుస్తున్నారు. రెండు కాళ్లనీ పోల్చి చూడండి, తేడా ఉంటే, గుర్తు తేలిగ్గా పడ్డ కాలి వేలే సరిగ్గా తొయ్యడం లేదన్నమాట. ఒడ్డు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి వెళ్లినంత దూరం అదే దారిలో తిరిగి రండి, లేకపోతే ఒక కాలే పల్లంలో నడిచినట్టవుతుంది.

రోజూ ఐదు నిమిషాలు

కొండకి ఆరు వారాలు ముందు మొదలుపెట్టండి. నేను ఉదయం కాఫీకి ముందు చేస్తాను, ఎందుకంటే తర్వాత అనుకున్నది ఏ రోజూ జరగలేదు.

కూర్చుని పాదం నేల మీద పెట్టి బొటనవేలు ఒక్కటే పైకి ఎత్తండి, మిగతా నాలుగూ కిందే ఉండాలి. తర్వాత దీన్ని కింద ఉంచి ఆ నాలుగూ ఎత్తండి. మొదటి రోజు మీ వేలు మీ మాట వినదు. అయిదూ కలిసే లేస్తాయి, లేదా చేతివేళ్లు లేస్తాయి, నాకైతే కనుబొమ్మలు లేచాయి. కావాలంటే మిగతా నాలుగింటినీ చేత్తో పట్టుకోండి. పది రోజులకి వస్తుంది. కొరింథీయులకి రాసిన మొదటి పత్రిక 12లో పౌలు, శరీరంలో బలహీనంగా కనిపించే అవయవాలే మరీ అవసరం అన్నాడు కదా, ఆ మాట వేలికి వినిపించేలా గట్టిగా చదువుకుంటూ చెయ్యండి. ఇది తమాషాకే అన్నాను. కానీ పని చేసింది.

రెండోది వంచడం. ఇక్కడే భాయ్ చెప్పిన మడత. మోకాళ్ల మీద కూర్చుని పాదాల వేళ్లు వెనక్కి మడిచి నేలకి ఆనించి, మెల్లిగా మడమల మీద బరువు వెయ్యండి. మేము మోకాళ్ల ప్రార్థన చేసేటప్పుడు చాలామందిమి పాదం వెల్లకిలా పరిచేస్తాం, వేలు మడవం. భాయ్ అరవై దాటినా రోజుకి అయిదుసార్లు వేళ్లు మడిచి లేస్తున్నాడు, గోడ పట్టుకోడు. నేను అతన్ని చూశాక ప్రభువు ప్రార్థన పూర్తయ్యేదాకా వేళ్లు మడిచి కూర్చుంటున్నాను, సుమారు అర నిమిషం. మొదట్లో ఆమేన్ ఎప్పుడొస్తుందా అనిపిస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దీన్ని కుర్చీలో కూర్చుని కాలు మీద కాలు వేసుకుని చేత్తో వేలిని వెనక్కి వంచితే చాలు. నొప్పి పుట్టేదాకా కాదు, లాగినట్టు అనిపించేదాకా.

మూడోది, గోడకి చెయ్యి ఆనించి మడమలు ఎత్తి మునికాళ్ల మీద లేవండి, బరువు బొటనవేలి మొదలు మీద పడేలా, చిటికెనవేలి వైపు పడిపోకుండా. పదిసార్లు, మెల్లిగా దిగాలి. మెల్లిగా దిగడమే అసలు పని.

చెప్పుల సంగతి

సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. వేళ్ల ముందు చేతి బొటనవేలి మందమంత ఖాళీ ఉండాలి, ముందు భాగం వెడల్పుగా ఉండాలి. బూటు చేతిలోకి తీసుకుని వంచితే వేళ్ల మొదళ్ల దగ్గర వంగాలి, నడిమికి విరిగినట్టు వంగకూడదు. హవాయి చెప్పులు బజారుకి సరే, మైళ్లకి పనికిరావు, వార జారకుండా పట్టుకోవడానికే బొటనవేలు అలిసిపోతుంది. పూర్వం పాంకోళ్లు వేసుకున్న స్వాములకి ఆ గుబ్బని పట్టుకుని పట్టుకుని వేలు గట్టిపడి ఉంటుంది అనుకుంటాను, మనకి ఆ అలవాటు లేదు. వాడగా వాడగా వదులవుతాయి అన్నవాణ్ణి నమ్మకండి, వదులయ్యేది తోలు కాదు, మన వేలు పక్కకి ఒరుగుతుంది.

కొండ మీద

చీకట్లో ఎక్కేవాళ్లు టార్చి తీసుకెళ్లండి. 91వ కీర్తన ఉంది కదా, నీ పాదానికి రాయి తగలకుండా దూతలు చేతుల మీద ఎత్తి పట్టుకుంటారని, అంటారు మా వాళ్లు. ఉంది. ఆ మాటనే సాతాను దేవాలయ శిఖరం మీద నిలబెట్టి యేసుకి చెప్పింది, దూకు అని. ఆయన దూకలేదు, దేవుణ్ణి శోధించకూడదు అన్నాడు. కాబట్టి టార్చి.

1854 జనవరి 1 తెల్లారకముందు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జువెట్ దొరగారూ ఆయన భార్యా మరికొద్దిమందీ ఒంగోలులో ఈ కొండెక్కి, ఈ ఊరికి ఒక మిషనరీని పంపమని ప్రార్థించారు. వాళ్లు అడిగిన ఆ మిషనరీ, క్లౌ దొరగారు, వచ్చింది 1866లో. ఆ తర్వాత కరువు రోజుల్లో బకింగ్‌హాం కాలువ తవ్వే పనిలో కొంత భాగం ఆయన కాంట్రాక్టుకి తీసుకుని జనానికి కూలి దొరికేలా చేశారు, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజు ఏటి ఇసుకలో 4,444 బొటనవేళ్ల గుర్తులు పడి ఉంటాయని నేను లెక్కేసి చెబితే మా పాస్టరుగారు ముందు నవ్వి, తర్వాత అవునురా, వాళ్లలో ఎక్కువమంది పల్లెల నుంచి నడిచే వచ్చి ఉంటారు అన్నారు.

ఎక్కేటప్పుడు తొందరపడి వేళ్ల మీదే ఎక్కకండి, మెట్టుకి చోటుంటే పాదమంతా ఆనించి, చివర్లో మాత్రం వేలితో తొయ్యండి. వేళ్ల మీదే ఎక్కితే పిక్కలు పట్టేస్తాయి. వేలికి అసలు గండం దిగేటప్పుడు. పాదం బూటులో ముందుకి జారి ప్రతి మెట్టుకీ గోరు కొట్టుకుంటుంది, కొండ దిగాక గోరు నల్లబడేది అందుకే. దిగడం మొదలుపెట్టే ముందు కూర్చుని చీలమండ దగ్గర లేసులు బిగించుకోండి, వేళ్ల దగ్గర వదులుగా ఉంచండి.

ఎదురుదెబ్బ తగిలితే

మంచినీళ్లూ సబ్బుతో కడిగి శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు అదిమిపట్టండి. కాఫీ పొడి, సున్నం, పెట్రోలు, ఇవేవీ పెట్టొద్దు, కాఫీ పొడి పెట్టి పంపిస్తే దాన్ని కడగడానికే ఆస్పత్రిలో అరగంట పడుతుంది. వాపుంటే ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పావుగంట పెట్టండి. గోరు కింద రక్తం గడ్డకట్టి తపతపలాడుతుంటే సూదితో మీరు పొడవొద్దు. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే అడిగి వేయించుకోండి. మిగతా వేళ్లు చిట్లితే పక్క వేలితో కలిపి కట్టి కొన్నాళ్లు ఊరుకోవచ్చు, బొటనవేలు విషయంలో అలా ఊరుకోవద్దు. వంకర తిరిగినా, దాని మీద బరువు వెయ్యలేకపోయినా ఎక్స్‌రే తీయించాల్సిందే.

దెబ్బ తగలకుండానే అర్ధరాత్రి బొటనవేలి మొదలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి వస్తే అది ఎక్కువగా గౌటు, యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కీలులో చేరడం వల్ల వస్తుంది. మర్దనా చెయ్యొద్దు, డాక్టర్ దగ్గరికి వెళ్లండి, మందులతో తగ్గేదే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. రెండో దినవృత్తాంతాలు 16లో ఆసా రాజుకి పాదాల్లో జబ్బు చేస్తే యెహోవాని అడక్కుండా వైద్యుల్ని నమ్ముకున్నాడని, తర్వాత చనిపోయాడని ఉంది. ఆ వచనం చూపించి, కాలికి పుండు పడ్డవాళ్లని ప్రార్థన నూనె రాసుకుంటే చాలు అని ఆపేవాళ్లని నేను చూశాను. ఆసా మీద ఫిర్యాదు దేవుణ్ణి అడగలేదని, డాక్టర్ దగ్గరికి వెళ్లాడని కాదు. పౌలు వెంట తిరిగిన లూకాని కొలొస్సయులకి రాసిన పత్రికలో ప్రియమైన వైద్యుడు అంటాడు. షుగర్ ఉన్నవాళ్ల వేలికి చిన్న పుండు పడి రంగు మారితే, అది రోజులు లెక్కపెట్టే జబ్బు కాదు, గంటలు లెక్కపెట్టేది. నూనె రాయండి, ప్రార్థన చెయ్యండి, ఆటోలో రాసుకుంటూ వెళ్లండి.

నాన్న ఈసారి కొండెక్కరు. కింద కుర్చీ వేసుకుని, కాళ్లకి మేజోళ్లూ ముందు మూసి ఉండే చెప్పులూ వేసుకుని కూర్చుంటానన్నారు, ఫ్లాస్కులో టీ పోసుకుని. నిన్న రాత్రి కాళ్లు కడిగి వేలు తాకి అడిగితే కుడి అన్నారు. సరిగ్గానే చెప్పారు. ఒక కన్ను తెరిచి చూసి చెప్పారు, నేను చూశాను, మళ్లీ అడిగాను.